ఫారాల మావయ్య ఏం నొక్కాడు?

పోయిన నెల మా యూనిట్ చిరునామా మార్చాల్సి వచ్చింది. అభన్‌పూర్‌లో పాత షెడ్డు ఖాళీ చేసి అదే రోడ్డు మీద ఇంకాస్త లోపలికి మారాం. ఇప్పుడు ఇలాంటి పనులన్నీ ఫోన్లోనే అయిపోతున్నాయి కదా అని, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆకుల మూటల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గడులన్నీ నింపాను. చివర్లో, మీ మొబైల్‌కి ఓటీపీ పంపించాం, పది నిమిషాల్లో వెయ్యండి అని వచ్చింది. నా ఫోనుకి మాత్రం ఏమీ రాలేదు. తెర మీద కనిపిస్తున్న చివరి నాలుగంకెలు నా నంబరువి కావు.

పాత ఫైలు తీసి చూస్తే, మొదటి దరఖాస్తు కాగితం మీద ఆ నంబరు కనిపించింది. అది ఫారాల మావయ్యది. ఆయనకి ఫోన్ చేసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. చేశాను. ఎవరో ఆవిడ ఎత్తింది.

"మావయ్య ఉన్నారా అండీ?"

"నాన్నగారు పోయి పదకొండు నెలలైందండీ," అంది ఆవిడ. నేను నోరు తెరిచేలోపే, "ఓటీపీ కావాలా? ఇప్పుడే వచ్చింది, రాసుకోండి," అని ఆరంకెలూ చదివేసింది.

రాసుకున్నాను. అయ్యో అనాలో, థాంక్స్ అనాలో తెలియలేదు. ఏదో ఒకటి అనేలోపు ఆవిడే ఫోన్ పెట్టేసింది. గడువు దాటిపోతుందన్న కంగారులో ఆ అంకెలు వేశాను. చిరునామా మారింది, పచ్చటి టిక్కు పడింది. షెడ్డులో ఆడవాళ్లు మళ్లీ మెషీను మొదలుపెట్టారు. ఆ చప్పుడులో కూర్చున్నాక గానీ, ఒక మనిషి లేడన్న కబురు ఇప్పుడే విన్నానన్న సంగతి నాకు ఎక్కలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా వినలేదు. రైల్వే కాలనీ తెలుగువాళ్లం ఫారాల మావయ్య అనేవాళ్లం. మిగతా వాళ్లంతా హిందీలో ఫారంవాలే బాబూజీ అనేవారు. మోవాలో బిలాస్‌పూర్ రోడ్డు పక్కన, ఒక మందుల షాపుకీ ఒక పంక్చర్ల కొట్టుకీ మధ్య ఆయన గది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక బల్ల. వచ్చినవాళ్లు కూర్చోవడానికి రైలు పెట్టెలోంచి పీకిన ఆకుపచ్చ సీటు ఒకటి. అది ఆయనకి ఎలా వచ్చిందో మా నాన్నకి తెలుసు, మాకు చెప్పేవాడు కాదు. నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు.

గది బయట ఒక ఫ్లెక్సీ బోర్డు ఉండేది. నిరుద్యోగ భృతి, చేతిపని శిక్షణ, చిన్న వ్యాపారాలకి రుణం, పనిముట్లకి సాయం, ఇలా ప్రభుత్వ పథకాల పేర్లన్నీ దాని మీద వరసగా ఉండేవి. ప్రభుత్వం మారితే పథకం పేరు మారేది. ఆయన పాత పేరు చెరపకుండా దాని మీద కొత్త పేరు కాగితం అంటించేవాడు. వానకి పై కాగితం తడిసి ఊడిపోతే కింద పాతది బయటపడేది. పాతికేళ్ల పిల్లలు వచ్చి, వాళ్లు బడిలో ఉన్నప్పుడే ఆగిపోయిన పథకానికి దరఖాస్తు పెట్టమని అడిగేవారు.

"పేరుదేటుంది అమ్మీ," అనేవాడు నాతో. "పేర్లు మారతాయి. గడులు మారవు. తండ్రి పేరు గడి మా తాతల నాటి నుంచీ ఉంది."

ఎవరు వచ్చినా ఆయన మొదట అడిగేది తండ్రి పేరే. మన పేరు తర్వాత. కంప్యూటరుకి అదే వరస అని చెప్పేవాడు. నిజానికి ఏ ఫారంలోనూ ఆ వరస లేదు. ఎందుకలా అడుగుతారని ఒకసారి అడిగితే, "నీ పేరు అడిగితే నీ ఉద్యోగం గురించి సెప్తావు. తండ్రి పేరు అడిగితే ఇంట్లో సంగతి సెప్తావు," అన్నాడు. ఇది నిజమో, అప్పటికప్పుడు అల్లిన మాటో నాకు తెలియలేదు. ఆయన విషయంలో నాకు చాలా సంగతులు అలాగే మిగిలిపోయాయి.

రెండు కళ్లజోళ్లు ఉండేవి ఆయనకి. ఒకటి తెరకి, ఒకటి కాగితానికి. ఒకటి ముక్కు మీద, రెండోది నుదుటి మీద. మాటల్లో పడితే అవి తారుమారయ్యేవి. కాగితం జోడుతో తెర చూస్తూ, తెర జోడుతో ఆధార్ కార్డు చూస్తూ, ఐదును ఆరని చదివి మళ్లీ దిద్దుకునేవాడు. క్యాప్చా అక్షరాలు వచ్చినప్పుడు మాత్రం రెండూ తీసేసి, మొహం తెరకి ఆనించి, మంత్రం చెప్పినట్టు పైకి చదివేవాడు. సర్వరు ఆగిపోతే అందరూ దాన్ని తిట్టేవారు. ఆయన ఏనాడూ తిట్టలేదు. "సర్వరు గారు భోంచేస్తన్నారు. కూకోండి," అనేవాడు. నిజంగానే లోపల ఎవరో భోంచేస్తున్నట్టు మేం గొంతు తగ్గించి కూర్చునేవాళ్లం.

అవునని గానీ కాదని గానీ ఆయన నోట వచ్చేది కాదు. దేనికైనా ఒకటే మాట, "ప్రాసెస్‌లో ఉంది." రుణం సంగతి అడిగినా అదే, మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగినా అదే. టీ తాగారా బాబూజీ అని పంక్చర్ల కొట్టు అతను కేకేస్తే, "ప్రాసెస్ మే హై," అని ఈయన తిరిగి కేకేసేవాడు.

మన పేర్లతో ఆయన పడే పాట్లు చూసి తీరాలి. ఇక్కడి ఫారాల్లో పేరు ముందు, ఇంటిపేరు వెనక. మనకేమో ఇంటిపేరు ముందు. పైగా ఇక్కడి గుమాస్తాలు ఆడవాళ్ల పేరు చివర 'బాయి' తగిలిస్తారు. ఒకే మనిషికి రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, పదో తరగతి కాగితంలో ఇంకొకటి. అవన్నీ బల్ల మీద పరిచి, ఏది అసలు పేరో ఆయనే తేల్చేవాడు. "ఇవాల్టి నుంచి నువ్వు ఇది," అని చెప్పి పంపేవాడు. నా బ్యాంకు కాగితాల్లో ఈనాటికీ నా ఇంటిపేరే నా పేరు. మేనేజరు నన్ను 'గొర్లె జీ' అని పిలుస్తాడు. మొదట్లో ఎవరినో పిలుస్తున్నాడని వెనక్కి చూసేదాన్ని.

నేను ఆయన దగ్గరికి పని మీద వెళ్లింది పెద్ద నోట్లు రద్దైన మరుసటి ఏడాది. బీకాం అయి మూడేళ్లు. ప్రభుత్వం వారి ఉచిత శిక్షణలో మూడు నెలలు కంప్యూటరు నేర్చుకున్నాను. సర్టిఫికెట్ ఇచ్చారు, ఫోటో తీశారు. ఉద్యోగం మాత్రం దొరకలేదు. నాన్న రిటైరవడానికి రెండేళ్లు కూడా లేదు. రిటైరైతే క్వార్టరు వదిలెయ్యాలి. అమ్మకి రాత్రింబగళ్లు అదే దిగులు. చివరికి సొంతంగా ఏదైనా పెట్టుకునేవాళ్లకి రుణమిచ్చే పథకంలో నా పేరు వేద్దామని, నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"ఏటి పెడతావమ్మీ?" అని అడిగాడు.

"మీలాంటిదే మావయ్యా," అన్నాను. "ఇక్కడే, రైల్వే గేటవతల ఒక గది చూశాను. ఆన్‌లైన్ ఫారాలు, జెరాక్సు, టైపింగు."

ఆయన వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "ఇలాంటిదే?"

"ఇలాంటిదే."

"మంచిదే," అన్నాడు.

ఆయన మొహంలో ఏమైనా మారిందా అని తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకోబోయానో. గుర్తు రాదు. ఇరవై ఐదేళ్ల వయసులో, బతుకుతెరువు చూపించమని ఒక మనిషి దగ్గరికి వెళ్లి, ఆయన తెరువుకే పోటీ వస్తానని చెబుతున్నానన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అమ్మకి వచ్చినట్టుంది. చీర కొంగు సర్దుకుంటూ బయటికి చూసింది.

తర్వాత ఆయన అమ్మని అడిగాడు. "నువ్వేటి సేసేదానివమ్మా, పెళ్లికి ముందు?"

"నేనేటి సేస్తాను బాబూ. మాదంతా ఏజెన్సీ పక్క ఊరు కదా. మా అమ్మా నేనూ అడ్డాకులతోటి ఇస్తళ్లు కుట్టీవాళ్లం. సంతలో అమ్మీవాళ్లం."

"అడ్డాకులా," అన్నాడు. అంతే. తర్వాత చాలాసేపు టైపు చేశాడు. తెర ఎప్పుడూ ఆయన వైపే ఉండేది, ఎవరినీ చూడనిచ్చేవాడు కాదు. ప్రాజెక్టు రిపోర్టు అని ఒకటి కావాలి, నేనే తయారు చేసి జతచేస్తాలే అన్నాడు. ప్రింటరులో సిరా అయిపోయిందని దరఖాస్తు నంబరు మాత్రం చీటీ మీద రాసిచ్చాడు. మొబైల్ నంబరు అడిగితే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న వర్క్‌షాపుకి పట్టుకెళ్తాడని చెప్పాను. "అయితే నాదే వేస్తాను. మెసేజి వస్తే కబురు సేస్తాను," అన్నాడు.

నాలుగు నెలల తర్వాత కబురు వచ్చింది. ఇంటర్వ్యూకి పిలిచారు. నాన్న సెలవు పెట్టి వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ముగ్గురు. నడుమ కూర్చున్న మేడమ్ నా ఫైలు తిరగేస్తూ హిందీలో అడిగింది, "బేటీ, దోనా-పత్తల్‌లో ఇప్పటికే చాలామంది ఉన్నారు. నువ్వు ఆకు ఎక్కడి నుంచి తెస్తావు?"

దోనా-పత్తల్ అంటే ఆకు దొన్నెలూ విస్తళ్లూ. వేరేవాళ్ల ఫైలు చూస్తోందనుకున్నాను. మెడ చాచి చూశాను. పైన నా ఫోటో ఉంది. నా పేరు, అంటే నా ఇంటిపేరు, ఉంది. దాని వెనక ఎనిమిది పేజీల రిపోర్టు. ఏ మెషీను, ఎంతమంది ఆడవాళ్లు, ఆకు ఎక్కడ ఆరబెట్టాలి, దొన్నెలు ఎవరు కొంటారు, అన్నీ ఉన్నాయి.

పొరపాటు జరిగిందని చెప్పబోయాను. చెబితే ఫైలు తిరిగి వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో. తలుపు సందులోంచి బెంచీ మీద నాన్న మోకాళ్లు కనిపిస్తున్నాయి. నా నోట వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది.

"మాహుల్ ఆకు మేడమ్. గరియాబంద్ అడవుల వైపు నుంచి వస్తుంది. మా అమ్మకి ఈ పని తెలుసు."

మన అడ్డాకునే ఇక్కడ మాహుల్ అంటారు. అమ్మ ఆదివారం సంతలో ఆ ఆకుల కట్టలు పట్టుకుని వాసన చూస్తూ నిలబడేది, నేను విసుక్కునేదాన్ని. అందుకే ఆ పేరు గుర్తుంది.

"తిల్దాలో ఇద్దరు ఆడవాళ్లు పనికి సిద్ధంగా ఉన్నారని రాశావు. నువ్వుండేది ఇక్కడ కదా, తిల్దా ఎందుకు?" అంది మేడమ్.

తిల్దాలో మాకెవరూ లేరు. "బంధువులున్నారు," అన్నాను. ఆవిడ రాసుకుంది.

బయటికి వచ్చి నాన్నకి కూడా చెప్పకుండా సరాసరి మోవా వెళ్లాను. గదిలో ఎవరో ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా నిలబడ్డాను.

"నేను చెప్పిందేమిటి, మీరు వేసిందేమిటి?"

"ఏటి పడింది?"

"దోనా-పత్తల్."

ఆయన ముక్కు మీది జోడు తీసి నుదుటి మీదిది కిందకి దించాడు. "అలా పడిపోనాదా? డేటా ఎంట్రీ నొక్కాను. జాబితాలో దాని కిందనే ఉంటాది దోనా. ఏలు జారిపోయుంటాది."

"ఎనిమిది పేజీల రిపోర్టు కూడా జారిపోయిందా మావయ్యా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "ట్రేడు ఏది పడితే రిపోర్టు దానిదే జోడించుకుంటాది కంప్యూటరు," అన్నాడు. మూడు నెలలు కంప్యూటరు నేర్చుకున్న నాకు అది అబద్ధమని తెలుసు. ఆయన ఆ మాట నా మొహం చూడకుండా కీబోర్డుకేసి చూస్తూ అన్నాడు. "రద్దు సేసేయమంటావా? సేసేస్తాను. మళ్లీ మొదటి నుంచి వేద్దాం."

నేను అక్కణ్నుంచి వచ్చేశాను. ఇంట్లో చెప్పాను. నాన్న, "మీ అమ్మకొచ్చిన పనే కదా, నీకు రాదా ఏటి?" అన్నాడు. రద్దు చెయ్యలేదు. రెండు నెలల తర్వాత మంజూరైంది. గరియాబంద్ నుంచి ఆకు వచ్చే దారిలో ఉంటుందని అభన్‌పూర్‌లో షెడ్డు తీసుకున్నాను.

మొదటి రెండేళ్లు ఏడవని వారం లేదు. పెళ్లిళ్లలో అందరూ తెల్లటి థర్మోకోల్ పళ్లేలే అడిగేవారు. ఆకు దొన్నె చూపిస్తే, ఇది పల్లెటూరి వ్యవహారం అనేవారు. కరెంటు పోతే మెషీను అచ్చు చల్లారిపోయి, మధ్యలో ఉన్న ఆకులన్నీ చిరిగేవి. ఏడుపొచ్చినప్పుడల్లా ఆ వేలు జారిన మనిషిని తిట్టుకునేదాన్ని. తర్వాత థర్మోకోల్ మీద నిషేధాలు మొదలయ్యాయి. గుళ్లలో అన్నదానాలు పెట్టే భండారాలకి, హోటళ్లకి ఆకు దొన్నెలు అడగసాగారు. ఇప్పుడు మా షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు పని చేస్తున్నారు. అమ్మ వారానికి రెండుసార్లు వచ్చి అందరి కుట్టూ తప్పని చెప్పి వెళ్తుంది.

పొరపాటున జరిగిందని నాన్న నమ్మకం. రెండు జోళ్ల మనిషి ఆయన, ఏ జోడుతో ఏది చూశాడో ఎవరికి తెలుసు అంటాడు. కాదు, అడ్డాకుల మాట విని మన మేలు కోరే మార్చాడని అమ్మ అంటుంది. పక్కన కొట్టు పెడతావని భయపడి నిన్ను ఊరవతలకి పంపేశాడు, అంతకన్నా ఏమీ లేదని మా ఆయన నవ్వుతాడు. నేను ఒక్కో ఏడు ఒక్కొక్కరి మాట నమ్మాను. ఆ జాబితా తర్వాత నేను తెరిచి చూశాను. డేటా ఎంట్రీకీ దోనాకీ మధ్య డిటర్జెంటు ఉంది, ధాబా ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఒక వేలు అంత దూరం జారదు. సరే, కావాలనే చేశాడనుకుందామా అంటే, ఆ ఏడాదే మా వీధిలో ఒకతను ఆన్‌లైన్ సెంటరుకే దరఖాస్తు పెట్టాడు. మావయ్యే నింపాడు, అడిగింది అడిగినట్టే నింపాడు. అతనికి మంజూరైంది, ఆ గేటవతలే పెట్టాడు, ఏడాది తిరక్కుండా మూసేశాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. మావయ్య గది ముందు కూడా జనం పల్చబడ్డారు. పోటీకి భయపడే మనిషైతే అతనిది కూడా మార్చాలి కదా. మరి నాదొక్కటే ఎందుకు? ఇక్కడికి వచ్చేసరికి నా ఆలోచన ప్రతిసారీ ఆగిపోయేది.

కరోనా రావడానికి ముందు ఏడాది ఆయన అభన్‌పూర్ వచ్చాడు. ముందు చెప్పలేదు. బస్సు దిగి ధమ్‌తరీ రోడ్డు వెంట నడుచుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చేసిన నిండు చేతుల చొక్కా, బొత్తాలన్నీ పెట్టుకుని ఉన్నాడు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. షెడ్డంతా తిరిగాడు. ఒక దొన్నె తీసుకుని కాగితం జోడుతో అడుగు, అంచు చూశాడు.

"అచ్చు మరీ వేడెక్కనిస్తన్నావు. అంచు మాడతాంది," అన్నాడు.

నిజమే, ఆ వారమంతా అదే ఇబ్బంది. ఫారాలు నింపే మనిషికి ఇదెలా తెలిసిందని ఆశ్చర్యపోయాను. అడగలేదు. టీ తెప్పించాను. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"మా అమ్మాయి ఇంటికాడే ఉంటంది. సదువుకుంది. టైపింగ్ వచ్చు, లెక్కలొచ్చు. నీ కాడ ఏటైనా పనుంటాదేమో అని," అన్నాడు.

ఆ రోజు ఒక ఆర్డరు తిరిగొచ్చింది. చిరాకుగా ఉన్నాను. కానీ కారణం అదొక్కటే కాదు. రెండేళ్లుగా లోపల నలుగుతున్నదేదో నా నోట్లోంచి నవ్వు రూపంలో బయటికి వచ్చింది.

"ప్రాసెస్‌లో ఉంది మావయ్యా," అన్నాను.

మెషీను దగ్గర ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. "బాగుంది అమ్మీ, బాగుంది," అంటూ లేచాడు. టీ తాగాడో లేదో గుర్తు లేదు. మర్నాడు ఫోన్ చేసి, అమ్మాయిని పంపండి అందామనుకున్నాను. మర్నాడు ఆర్డరు, తర్వాత పెళ్లిళ్ల రోజులు, ఆ తర్వాత లాక్‌డౌన్. మళ్లీ ఆయన్ని చూడలేదు. మోవాలో గది ఖాళీ చేసి కంప్యూటరు ఇంటికి పట్టుకెళ్లిపోయాడని ఎవరో అన్నారు.

ఓటీపీ చెప్పించుకున్న నాలుగో రోజు, ఉదయం పూట వాళ్లింటికి వెళ్లాను. మోవాలోనే, పాత గదికి రెండు సందుల వెనక. వరండాలో కంప్యూటరు బల్ల. దాని మీద ఆయన ఫోను చార్జింగులో ఉంది. నలభైకి దగ్గరపడుతున్న ఒకావిడ ఎవరిదో ఫారం నింపుతోంది. నన్ను చూసి లేచింది. నేను పేరు చెప్పబోతుంటే, "తెలుసు. మీరు దోనా-పత్తల్ దీదీ కదా. బైఠియే, కూర్చోండి, రెండు నిమిషాలు," అంది.

ఆ ఫారం మనిషి వెళ్లాక మంచినీళ్లు తెచ్చింది. ఫోను ఇంకా ఎందుకు ఉంచారని అడిగాను.

"ఎలా తీసేస్తాను దీదీ? రీఛార్జ్ నేనే చేయిస్తున్నాను. ఎంతమంది ఫారాల్లో ఈ నంబరుందో నాన్నకే తెలీదు. పెన్షన్లు, స్కాలర్‌షిప్పులు, లోన్లు. ఇది బంద్ అయితే వాళ్లంతా బంద్. ఫోన్ చేసిన వాళ్లందరి నంబర్లూ ఒక్కొక్కటిగా మార్పిస్తున్నాను."

నా దరఖాస్తు సంగతి మీకేమైనా చెప్పారా అన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. తెరిచాను. దోనా-పత్తల్ యూనిట్, ఎనిమిది పేజీలు. ఏ వాక్యం తర్వాత ఏ వాక్యం వస్తుందో నాకు కంఠతా వచ్చిన రిపోర్టు. పైన పేరు మాత్రం ఆవిడది. తిల్దా చిరునామా.

"నన్ను తిల్దా ఇచ్చారు," అంది. "మా ఆయన రైస్ మిల్లులో పని చేసేవారు. మిల్లులో పని మానేసిన ఇద్దరు ఆడవాళ్లు నాతో వస్తామన్నారు. ఈ రిపోర్టు నేనే టైపు చేశాను. నాన్న మెషీన్లవాళ్ల దగ్గరికి తిరిగి అన్నీ కనుక్కుని చెప్తుంటే నేను కొట్టాను. మూడుసార్లు వేశాం. మూడుసార్లూ వాపస్. ఆధార్‌లో నా పేరు వెనక పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో మా ఆయన ఇంటిపేరు, బ్యాంకులో 'బాయి'. ఊరందరి పేర్లూ సరిచేసిన మనిషి దీదీ. నాది మాత్రం ఎంత తిప్పినా కలవలేదు. ఆ తర్వాత మా ఆయన పోయారు. నేను ఇక్కడికి వచ్చేశాను."

"ఇది మీది," అన్నాను.

"మీ పేరుతో ప్రింట్ తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఇది నాది కదా నాన్నా అన్నాను. అలా పడింది అన్నారు. ఇంకేం అనలేదు. రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి ఉన్నాయి, అది నిజం. తప్పు నొక్కి ఉండొచ్చు. నాకెలాగూ రాదు, ఎవరికైనా పనికొస్తుందిలే అనుకుని కూడా ఉండొచ్చు. నాకు కోపం వచ్చింది. చాలా రోజులు మాట్లాడలేదు. ఎందుకిచ్చారో మీకు చెప్పారేమో అనుకున్నాను. ఎప్పుడైనా మీరు కనిపిస్తే అడగాలనుకున్నాను."

"నేను మిమ్మల్ని అడుగుదామనే వచ్చాను."

ఫైలు మూసి ఆవిడ చేతికిచ్చాను.

తర్వాత నేను, ఆ రోజు ఆయన షెడ్డుకి వచ్చినప్పుడు జరిగింది చెప్పబోయాను. ఆవిడే అందుకుంది. "చెప్పారు. నా మాట నాకే అప్పజెప్పింది అమ్మి అని నవ్వారు."

"బాధపడ్డారా?"

"నవ్వుతూనే చెప్పారు దీదీ," అంది.

ఇప్పుడైనా రమ్మన్నాను. లెక్కలు చూసుకోండి, భాగస్వామిగా రండి, ఎలా కావాలంటే అలా రండి అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. ఈ నంబర్లన్నీ మార్పించడం అయ్యాక ఆలోచిస్తానంది. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, కాస్త మొహమాటంగా, "ఒకటి అడగనా?" అంది.

"అడగండి."

"వానాకాలంలో ఆకుకి బూజు పడుతుంది కదా. మీరేం చేస్తారు? రిపోర్టులో అది రాయలేదు. నాన్నకి తెలీలేదు, నాకూ తెలీలేదు. ఆ ఒక్కటీ ఎలా చెయ్యాలా అని ఎప్పుడూ అనుకుంటూ ఉంటాను."

చెప్పులు మళ్లీ విప్పాను. లోపలికి వచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. మొదటి వానాకాలం మూటలకి మూటలు ఎలా పారేశానో, తర్వాత ఊక పొయ్యి పైన మనిషెత్తున అటక కట్టించి, ఆకు పల్చగా పరిచి ఎలా ఆరబెట్టానో చెప్పాను. ఆవిడ ఐదో పేజీ అంచున చిన్న చిన్న అక్షరాల్లో రాసుకుంటోంది. పొయ్యి బొమ్మ వేసింది. దాని మీద అటక గీసి, పక్కన 'ఇనప వల' అని రాసి, అవునా అన్నట్టు నాకేసి చూసింది.

"ఇనుము వద్దు. తుప్పు మరకలు పడతాయి," అన్నాను. "వెదురు తడక."

ఆవిడ ఇనుము కొట్టేసి వెదురు అని రాసుకుంది.